పగడపు చేనులో బొంత పురుగులు

దక్షిణ తీరం, ఏడో మకాం. రోజువారీ పుస్తకం. రాసేది మకాం మేస్త్రీ ఓబులేసు.

పద్నాలుగో విడత, మొదటి రోజు

పడవ పొద్దున తొమ్మిదికి ఒడ్డుకు వచ్చింది. రెండు రోజులు ఆలస్యం. పడవను లాగే పెద్ద గాలిపటం వానకు తడిసి కిందికి జారిందని, ఆరబెట్టుకుని బయలుదేరామని పడవవాళ్లు చెప్పారు. దిగినవాళ్లు నలభై ఒక్క మంది. జబ్బుగా ఎవరూ లేరు. పదమూడు రోజులు ఊగి ఊగి వచ్చినందువల్ల ఇసుక మీద నిలబడలేక నలుగురు కూర్చుండిపోయారు.

అందరూ కప్పు ఊళ్లవాళ్లే. పుట్టినప్పటి నుంచి నెత్తిన కప్పు ఉన్నవాళ్లు మొదటి రోజు తల ఎత్తరు. నేలను చూస్తూ నడుస్తారు. టోపీలు పంచాక కాస్త కుదురుకున్నారు.

చౌక వంతు మీద వచ్చినవాళ్లకు మకాం ఇచ్చేవి ఆరు. చాప, టోపీ, తాగే నీళ్లు, నీళ్లలో చూసే కళ్లద్దం, ఊపిరి గొట్టం, తేలే చొక్కా. బియ్యం, పచ్చళ్లు వాళ్లే మోసుకొస్తారు. పొడుగు కొట్టంలో వరుసగా పడుకుంటారు. పొద్దున సముద్రం చూపిస్తాము, మధ్యాహ్నం అడవి. ఎనిమిది రోజులు. ఒక ఇంటికి పన్నెండేళ్లకు ఒకసారి ఈ వంతు వస్తుంది, అదీ ఇంట్లో ఒకరికే.

ఈ విడతలో సాలమ్మ అని ఒకామె ఉంది. యాభై ఎనిమిదేళ్లు. కప్పు ఊరిలో నీళ్ల ట్యాంకులు కడిగే పని, ముప్పై ఏళ్లుగా అదే. ఒడ్డున నిలబడి చాలాసేపు చూసి నన్ను పిలిచింది.

"తమ్మీ, ఇన్ని నీళ్లు ఎవరు కడుగుతరు?"

"ఎవరూ కడగరక్కా. అవే కడుక్కుంటాయి."

"అట్లెట్ల? పాచి పడతది గద."

ఆమె మామూలుగానే అడిగింది. సాయంత్రం చేను చూసి వచ్చాను. తూర్పు సాళ్లలో పాచి పోయిన నెల కన్నా పెరిగింది.

ఈ పుస్తకం నిండాక ఎవరు చదువుతారో తెలియదు కాబట్టి చేను సంగతి రాస్తాను. మాది సముద్రం ఊరు కాదు, వేరుశనగ ఊరు. ఆరేళ్ల కిందట మా చేలు మండిపోయాక ఇరవై రెండు ఇళ్లను ఇక్కడికి తెచ్చి, చచ్చిన పగడపు దిబ్బ మీద కొత్త పగడం నాటే పని ఇచ్చారు. ఇనుప చట్రాలకు పగడపు పిలకలు కట్టాము. పెరిగాయి. చేపలు వచ్చాయి. మా వాళ్లు దాన్ని దిబ్బ అనరు. చేను అంటారు.

ఇప్పుడు ఆ పిలకల మొదట్లో పాచి పట్టి పైకి పాకుతోంది. దాని కింద పగడం తెల్లబడి చస్తోంది. నూటికి ముప్పై పాళ్లు పాచి పడితే ఈ మకానికి చౌక వంతులు రద్దు చేస్తామని తీర కార్యాలయం చెప్పింది. అధికారి ఇందుమతి గారు ఆరో రోజు వచ్చి కొలుస్తారు.

రెండో రోజు

పొద్దున ఆరింటికి ఎప్పటిలా పురుగు ఏరాము. మూడు దొరికాయి. గుంతలో వేసి పూడ్చాము. ఎనిమిదింటికి యాత్రికులను నీళ్లలోకి దించాను.

పాచికి కారణం నూనె అని నా అనుమానం. కప్పు ఊళ్లలో గాలి పొడిగా ఉంటుందట, ఒళ్లు పగులుతుందట. అందుకని తలకూ ఒంటికీ కొబ్బరి నూనె దట్టంగా పూస్తారు. పోయిన విడతవాళ్లు నీళ్లలో దిగినప్పుడు వాళ్ల చుట్టూ రంగులు తేలాయి. ఈసారి ఒక్కరినీ నూనెతో దిగనివ్వనని కుంకుడుకాయలు నానబెట్టించాను. ఆ పని అక్కులమ్మకు అప్పగించాను. ఆమె నాకు చిన్నమ్మ వరుస. అరవై నాలుగేళ్లు. అడవికి దారి చూపేదీ, కొట్టంలో అందరినీ అదుపులో పెట్టేదీ ఆమే.

ఆడవాళ్లను వరుసగా కూర్చోబెట్టి తలలు రుద్దింది.

"ఏమ్మా, తల్లో ఇంత నూనె పెట్టుకోనుండావు, బోండాలు ఏమన్నా వేయల్నా?"

"ఇంకా రుద్దకు పెద్దమ్మా, తోలు ఊడతది."

"ఊడితే కొత్తది మొలుస్తాది. ఇది నీళ్లుండే సీమ."

మొగవాళ్లు వాళ్లంతట వాళ్లే రుద్దుకున్నారు. తర్వాత ఆమె వాళ్ల తలలు వాసన చూసి ఏడుగురిని వెనక్కి పంపింది.

నీళ్లలో మొహం పెట్టిన మొదటిసారి ఏమవుతుందో పదమూడు విడతలుగా చూస్తున్నాను. కొందరు వెంటనే లేచి దగ్గుతారు. కొందరు లేవరు. ఈ రోజు ఒక పెద్దాయన అరగంట తల ఎత్తలేదు. భయపడి భుజం తట్టాను. ఆయన గొట్టం తీసి, "ఏం కాలేదు, ఉండనీ" అని మళ్లీ మొహం పెట్టాడు.

పురుగు గురించి కూడా రాయాలి. నల్లగా, గుండ్రంగా, ఒళ్లంతా జానెడు సూదులతో ఉంటుంది. పగడం సందుల్లో దాక్కుంటుంది. మొదటి ఏడు దాన్ని చూడగానే మా వాళ్లంతా బొంత పురుగు అన్నారు. వేరుశనగ మీద పడి వారంలో చేనును పుల్లలు చేసే గొంగళి పురుగును మేము అట్లా అంటాము. దాన్ని చేత్తో ఏరి గుంతలో పూడ్చడం మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. ఇక్కడా అదే చేశాము. రెండో విడతలో ఒకాయన పాదంలో ఈ సముద్రపు పురుగు ముల్లు విరిగింది, ఆరు రోజులు నడవలేదు. చౌక వంతువాళ్లకు నీళ్లలో తొడుక్కునే జోళ్లు ఉండవు. ఆ తర్వాత రోజూ ఏరుతున్నాము. ఇప్పుడు చేనులో దాదాపు లేవు.

మూడో రోజు

పురుగులు రెండు. పాచి తగ్గలేదు. ఒక్క రోజులో తగ్గదు.

మధ్యాహ్నం అడవి. జలగలు పట్టకుండా అందరి కాళ్లకూ పొగాకు నీళ్లు పూసి అక్కులమ్మ ముందు నడిచింది. నేను చివర నడిచాను. వాగు దాటాక వాన మొదలైంది.

కప్పు ఊళ్లవాళ్లకు పైనుంచి నీళ్లు పడడం అంటే కప్పు కారడం. కారితే అక్కడ గిన్నె పెట్టి కబురు చేయాలి. అది చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు. చినుకు పడగానే ఎవరూ చెట్టు కిందికి పోలేదు. సంచుల్లోంచి గిన్నెలు, గ్లాసులు, టిఫిన్ డబ్బాలు తీసి ఎక్కడివాళ్లు అక్కడ పట్టుకుని నిలబడ్డారు. నలభై ఒక్క మంది. అక్కులమ్మ నవ్వడం మొదలుపెట్టి, వాళ్ల మొహాలు చూసి ఆపేసింది.

"పట్టుకోండి, పట్టుకోండి" అంది. "నిండితే తాగండి. అది మీదే."

వాన గంటసేపు పడింది. సాలమ్మ నా పక్కన నిలబడి చెంబులోకి చూస్తూ మాట్లాడింది.

"ఇంత మంచి నీళ్లు మట్టిలకు పోతుంటే చూడబుద్ధి అయితలేదు తమ్మీ."

"చెట్లు తాగుతాయిలే అక్కా."

"తాగనీ. మా చెల్లె ఎల్లమ్మ చూస్తే నమ్మది. ఆమెది వేరే ఇల్లు, పదహారో విడత. నీళ్లంటే గ్లాసులున్నయే చూసింది. భయపడ్తది. అందుకే నేను ముందుగాల చూసి పోయి ఆమెకు చెప్పాలె."

"ఏమి చెప్తావు?"

"ఇంకా తెల్వదు."

పదహారో విడత ఉంటుందో లేదో నాకు తెలియదు. ఆమెకు ఆ మాట చెప్పలేదు.

నాలుగో రోజు

ఈ రోజు నా కాపలాలో తప్పు జరిగింది. సాలమ్మ నీటి వాలులో కొట్టుకుపోయింది.

చేనుకు దక్షిణంగా నల్లరాయి ఉంది. అక్కడ నీళ్లు లాగుతాయి. అందుకని మేము అక్కడ నాటలేదు, పురుగు ఏరడానికీ పోము. పాత పగడం కొంత దానంతట అదే బతికి ఉంది. సాలమ్మ మనిషి తేలిక, తేలే చొక్కా తొడుక్కుని ఉంది. నేను ఇంకొకరి గొట్టం సరిచేస్తూ ఉంటే ఆమె నల్లరాయి దాకా పోయింది. ఈదుకుంటూ పోయాను. పోయి చూస్తే ఆమె రాతి అంచు పట్టుకుని, మొహం నీళ్లలో పెట్టి ఉంది. కదిలిస్తే తల ఎత్తింది.

"తమ్మీ, ఈడ మంచిగ కడిగిండ్రు."

"పద అక్కా, ముందు పద."

"మీ చేనుల పాచి ఉన్నది. ఈడ లేదు. ఎవరు కడిగిండ్రు?"

ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చాను. తెచ్చేముందు ఒకసారి కిందికి చూశాను. ఆమె చెప్పింది నిజమే. రాయి మీద ఎక్కడా పాచి లేదు. పగడం మెరుస్తోంది. ప్రతి సందులోనూ బొంత పురుగులు ఉన్నాయి. వంద కన్నా ఎక్కువే.

ఏరని చోట పగడం బాగుంది. రోజూ ఏరిన చోట చస్తోంది.

ఐదో రోజు

పొద్దున పురుగు ఏరడం ఆపమన్నాను. మా వాళ్లు ఎందుకని అడిగారు. ఒంట్లో బాగాలేదన్నాను.

సాలమ్మను పక్కకు పిలిచి ట్యాంకులు ఎట్లా కడుగుతారో అడిగాను. ఆమెకు ఆ మాట అడిగినవాళ్లు ఎవరూ లేనట్టుంది. చాలా వివరంగా చెప్పింది. అడుగు బ్రష్షుతో తోమవచ్చు గానీ మూలలకు బ్రష్షు అందదట. అందుకని ఒక్కో ట్యాంకులో నలభై నత్తలు వదులుతారట.

"గవి పొద్దుమాపు పాచి తినుడే పని. జీతం లేదు, సెలవు లేదు."

"నత్తలు తీసేస్తే?"

"పదిహేను దినాలల్ల పచ్చగైతది. ఎందుకు తీస్తరు? పిచ్చోళ్లా?"

నల్లరాయి దగ్గరికి తాడు కట్టుకుని పోయి ఒక పురుగును పట్టుకార్లతో తెచ్చాను. పెద్ద తొట్టిలో సముద్రం నీళ్లు పోసి, పాచి పట్టిన రాయి ఒకటి పెట్టి, దాని మీద ఆ పురుగును వదిలాను.

సాయంత్రం మా ఇళ్లవాళ్లను కూర్చోబెట్టి నా అనుమానం చెప్పాను. నాలుగేళ్లు చలిలో కూడా నీళ్లలో దిగి ఏరిన మనుషులు. మాట్లాడింది అక్కులమ్మ ఒక్కటే.

"నీకు రూఢిగా తెలుసునా?"

"రేపు పొద్దునకు తెలుస్తాది."

"తెలిస్తే ఏం చేస్తావు?"

"ఆ ఇందుమతి మేడానికి చెప్పాల."

"యాల చెప్పాల? ఏరడం ఆపేద్దాం. పురుగులు వాటి పాటికవే వస్తాయి. ఆ యమ్మ నూనె అనుకోనుంటే అనుకోనీ."

"నూనె అనుకుంటే ఈళ్ల వంతులు పోతాయి చిన్నమ్మా."

"ఈళ్లకు ఇండ్లుండాయి, పైన కప్పుండాది. మనకు ఏముండాది? మేమే చేను చెరిపినామని చెప్తే మనల్ని మళ్లా యాడికి తోల్తారో నీకు తెలుసునా? నేను ఇంకొక తూరి మూట కట్టలేను ఓబులేసూ."

ఆమె మాట తప్పని ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు.

ఆరో రోజు

పొద్దున తొట్టి చూశాను. పురుగు ఉన్న వైపు రాయి మీద అరచెయ్యి మేర పాచి లేదు. చీపురుతో గీకినట్టు తెల్లగా ఉంది. అవతలి వైపు పాచి అట్లే ఉంది.

ఇందుమతి గారు పది గంటలకు వేగం పడవలో వచ్చారు. చిన్న వయసు. నాలుగు మకాంలు ఒక్కరే చూస్తారు. వచ్చేసరికే అలసిపోయి ఉన్నారు. కొలిచే యంత్రాన్ని చేను మీద నాలుగు సార్లు తిప్పారు. నూటికి ముప్పై నాలుగు పాళ్లు.

కొట్టంలో కూర్చుని మజ్జిగ తాగుతూ అడిగారు.

"మీరు ఏమనుకుంటున్నారు ఓబులేసు గారూ?"

"నూనె కావచ్చని కుంకుడుకాయలు పెట్టించాను మేడం."

"నేనూ అదే అనుకున్నాను. మనుషులు ఎక్కువ, ఒంటి నూనె ఎక్కువ. వేరే కారణం కనబడలేదు. మీ నెల కాగితాలు చూశాను. పురుగు లేదు, తెగులు లేదు. అన్ని మకాంల కన్నా మీ చేనే శుభ్రంగా పెట్టారు."

నెల నెలా ఆ కాగితంలో 'పురుగు: లేదు' అని నేనే రాశాను. గర్వంగా రాశాను.

"చౌక వంతులు ఆపమని రాయక తప్పదు" అన్నారు. "మీ వాళ్లు భయపడకండి. మీ ఇరవై రెండు ఇళ్లూ ఇక్కడే ఉంటాయి. వచ్చే ఏడాది నుంచి అద్దాల పడవలు తెస్తారు. వాటిలో వచ్చేవాళ్లు నీళ్లలో దిగరు, పైనుంచి చూసి పోతారు. చేను చూసుకునే పని మీకే ఇస్తారు."

అక్కులమ్మ గుమ్మం దగ్గర నిలబడి నన్ను చూసింది. నేను మజ్జిగ గ్లాసు తీసి పక్కన పెట్టాను.

ఎల్లుండి మధ్యాహ్నం లోపల నివేదిక పంపుతానని ఆమె చెప్పి వెళ్లారు. తొట్టి కొట్టం వెనకే ఉంది. ఇరవై అడుగుల దూరం. ఆమె చూడలేదు. నేను చూపించలేదు.

ఏడో రోజు

వార్త యాత్రికులకు తెలిసింది. పడవవాళ్లు చెప్పారట. పొద్దున ఎవరూ తలకు నూనె పెట్టుకోలేదు. నీళ్లలో మొహం పెట్టి అరగంట లేవని ఆ పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "మేము సరిగ్గా రుద్దుకోలేదేమో బాబూ" అన్నాడు. ఏడుగురిని వెనక్కి పంపినప్పుడు వాళ్లలో ఆయన కూడా ఉన్నాడు. రెండో రోజు నుంచి అదే ఆలోచిస్తున్నాడట.

ఆయనకు అది ఆయన తప్పు కాదని చెప్పాను. మరి ఎవరిదని ఆయన అడగలేదు.

సాలమ్మ బట్టలు ఆరేస్తూ ఉంది.

"మా చెల్లె రాదా?"

"రాయలేదింకా అక్కా. నివేదిక రేపు పోతాది."

"నేను జూసిన. అది సాలు. ఆమెకు మాటలతోని చెప్త." ఇంకో చీర తాడు మీద వేసి, "మాటలతోని రాదు గని, చెప్త" అంది.

నేను కొట్టం వెనక్కి పోయి తొట్టి దగ్గర కూర్చున్నాను. రాయి మీద తెల్లని చోటు రెండు అరచేతులంత అయింది. పురుగు దాని పని అది చేసుకుంటోంది.

అక్కులమ్మ వచ్చి నిలబడింది. తొట్టిలోకి చూసింది.

"చెప్పేస్తావు కదా" అంది.

"చెప్తాను చిన్నమ్మా."

"నేను వద్దన్నా చెప్తావు."

"చెప్తాను. నేను మేస్త్రీని, ఏరమన్నది నేను. మీరంతా నా మాట విన్నారని రాస్తాను."

"అబద్ధం రాయొద్దు. మొదట ఏరింది నేను. నీకు చూపించింది నేను."

ఆమె పోయింది. కోపంగానే పోయింది.

ఇక్కడి నుంచి రాసేది తీర కార్యాలయానికి. ఈ పేజీని, వెనక ఆరు రోజుల పేజీలను కబుర్లు పంపే పెట్టె కంటి ముందు పట్టి చూపిస్తాను. అది చూసి అక్కడికి పంపుతుంది. పంపినది వెనక్కి రాదు.

ఇందుమతి గారికి. నాలుగేళ్లుగా ఈ చేనులో నల్ల ముళ్ల పురుగులను రోజూ ఏరి పూడ్చాము. ఎన్ని అని రాసి పెట్టలేదు. తొమ్మిది వేలకు తక్కువ ఉండవు. కొట్టం ఉత్తరాన నాలుగు గుంతలు ఉన్నాయి, తవ్వి చూడవచ్చు. నీళ్లలోంచి ప్రాణమున్నది ఏదీ తీయకూడదని మీరు ఇచ్చిన పుస్తకంలో ఉంది. అది యాత్రికులకు చెప్పిన మాట అనుకున్నాను. పురుగును ఏరడం తీయడం అవుతుందని నాకు తోచలేదు. మేము పుట్టిన చోట ఏరనివాడిని బద్ధకస్తుడంటారు. ఆ పురుగు పాచి తింటుంది. దాన్ని తీసేయడం వల్ల పాచి పెరిగింది. నల్లరాయి దగ్గర ఏరలేదు, అక్కడ పాచి లేదు. తొట్టిలో పెట్టి చూశాను. నిన్న మీరు అడిగినప్పుడు ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి చెప్పలేదు. ఈ సంగతి మొదట కనిపెట్టింది సాలమ్మ, ట్యాంకులు కడిగే ఆమె. యాత్రికుల నూనె వల్ల అని రాయవద్దు. వాళ్లు తలలు పుళ్లు పడేలా రుద్దుకున్నారు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు పేజీలు పెట్టె ముందు పట్టాను. తర్వాత యాత్రికులను అడవికి తీసుకుపోయాను. అక్కులమ్మ రాలేదు. దారి నేనే చూపించాను, రెండు చోట్ల తప్పాను.

ఎనిమిదో రోజు

పొద్దున ఏడింటికి పెట్టెలో ఇందుమతి గారి గొంతు వచ్చింది. అందరినీ పిలవమన్నారు. మా వాళ్లూ యాత్రికులూ కొట్టం ముందు నిలబడ్డారు.

నివేదిక మార్చి రాశానని చెప్పారు. చౌక వంతులు ఆగవు. మకానికి ఏడాది గడువు. ఆ లోపల పాచి ఇరవై పాళ్లకు దిగాలి. దిగకపోతే అప్పుడు మళ్లీ చూస్తారు, మా ఇళ్ల సంగతి కూడా అప్పుడే. ఓబులేసు ఇక మేస్త్రీగా ఉండకూడదు, తెలిసి దాచినందుకు. ఏరినందుకు కాదు. పుస్తకం, తాళాలు ఇంకొకరికి అప్పగించాలి.

తర్వాత గొంతు తగ్గించి, అందరి ముందే అన్నారు. "పురుగు లేదని మీ కాగితంలో చూసినప్పుడు నేను సంతోషించాను. ఎందుకు లేదని అడగవలసింది. అది నేను రాసుకోవాల్సిన తప్పు, రాశాను కూడా."

పెట్టె ఆగిపోయింది. నేను తాళాలు బల్ల మీద పెట్టాను. మా వాళ్లంతా అక్కులమ్మ పేరు చెప్పారు, ఆమె వాటిని తీసి కొంగుకు కట్టుకుంది.

నీళ్లు ఎక్కితే పడవ మధ్యాహ్నం రెండుకు పోవాలి. ఇంకా ఆరు గంటలకు పైనే ఉంది. నల్లరాయి నుంచి కొన్ని పురుగులను చేనులోకి మార్చడం ఈ రోజే మొదలుపెడదామని మా వాళ్లతో అన్నాను. అక్కడ ఉన్నవన్నీ తీస్తే అక్కడా చెడుతుంది. ఇరవై చాలు, మిగతావి దూరపు రాళ్ల నుంచి నెల నెలా తేవాలి. ఇక నా మాట వినాల్సిన పని వాళ్లకు లేదు. అయినా తాళ్లు, పట్టుకార్లు తెచ్చారు.

యాత్రికులు తామూ వస్తామన్నారు. లాగే నీళ్లలోకి వాళ్లను రానివ్వలేదు. చేను గట్టు దాకా వరుసగా నిలబెట్టాను. మేము నల్లరాయి నుంచి బొక్కెనలో ఒక్కొక్క పురుగును తెస్తే, ఆ బొక్కెన చేతి నుంచి చేతికి నలభై ఒక్క మంది మీదుగా తూర్పు సాళ్లకు పోయింది. ముళ్లు విరగకూడదని ఎవరూ తొందరపడలేదు. ఆ పెద్దాయన తన దగ్గరికి వచ్చిన ప్రతి బొక్కెనలోకి వంగి చూసి పక్కవాళ్లకు ఇచ్చాడు.

చివర సాలమ్మ నిలబడింది. ఏ సందులో వదలాలో ఆమే చెప్పింది. ఆమె చెప్పిన చోట అక్కులమ్మ వదిలింది.

"పైరులోకి పురుగును మోసుకపోయి వేస్తాండాము" అంది అక్కులమ్మ. "మా నాయన చూసింటే కట్టె తీసుకోని ఉంటాడు."

"మీ నాయనను మా ట్యాంకుల దగ్గరికి తోలు పెద్దమ్మా. నేను చెప్త."

"నీ మాట వినే మనిషి కాదులేమ్మా."

"నువ్వు ఇన్నవు గద."

పద్దెనిమిది వదిలాము. రెండింటి ముళ్లు విరిగాయి, వాటిని నల్లరాయి దగ్గరే వదిలేశాము. ఒకామె వేలికి గుచ్చుకుంది. నిమ్మరసం పూశాము. ఆమె ఏడవలేదు.

పడవ రెండున్నరకు బయలుదేరింది. సాలమ్మ ఎక్కేముందు, పదహారో విడతలో ఎల్లమ్మ అనే మనిషి వస్తే మొదటి రోజు నీళ్లలోకి దించవద్దని, మోకాలు లోతులో కూర్చోబెట్టమని చెప్పింది. ఆ పని ఇక అక్కులమ్మదని చెప్పాను. అక్కులమ్మ ఆ చెల్లెలి పేరు మళ్లీ అడిగి తన చేతి మీద రాసుకుంది.

అందరూ పోయాక అక్కులమ్మ నా దగ్గరికి వచ్చింది.

"నీ మీద కోపం పోలేదు" అంది. "పుస్తకం ఇటియ్యి."

ఈ రోజు వరకు నన్ను రాయనివ్వమని అడిగాను. రాశాను. రేపు పొద్దున పాచి కొలిచేది, రాసేది ఆమె. అక్షరం అక్షరం కూడబలుక్కుని రాస్తుంది. పేజీ ఆలస్యంగా వస్తే అధికారులు కోప్పడవద్దు. ఉన్నది ఉన్నట్టు రాస్తుంది.